జామా మసీదు: నమ్మకం కుదరని చోట సంరక్షణ

2022 మే 30న ఢిల్లీని కుదిపేసిన గాలివానకు జామా మసీదు నడిమి గుమ్మటం మీది కలశం విరిగిపడింది. అంతకుముందు ఏడాది జూన్‌లో ఒక మీనారు నుంచి ఎర్రరాతి పలక ఊడిపడినప్పుడు, పురావస్తు శాఖ చేత మరమ్మతులు చేయించమని షాహీ ఇమాం ప్రధానికి లేఖ రాశారు. ఇలా అడగవలసి రావడమే విచిత్రం. దేశంలో ఇంత ప్రసిద్ధమైన మసీదు కేంద్ర రక్షిత కట్టడాల జాబితాలో లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాలి. షాజహాన్ 1650లో ఒక గుట్టపై పునాది వేయించిన ఈ మసీదు 1656 నాటికి పూర్తయింది. ఎర్రకోట రాజ్యాధికారానికి పీఠమైతే, దానికి ఎదురుగా నిలిచిన ఈ మసీదు నగర ప్రజలకు కూడలి అయింది. ఆ కారణంగానే 1857 తిరుగుబాటును అణచిన ఆంగ్లేయుల కన్ను దీనిపై పడింది. నమాజును ఆపించి, ప్రాంగణంలో సైన్యాన్ని దింపారు. కూల్చివేయాలన్న మాటా వినవచ్చింది. ఇదే నగరంలోని అక్బరాబాదీ మసీదు నేలమట్టమైంది. జామా మసీదును మాత్రం 1862లో షరతులు విధించి ముస్లింలకు తిరిగి అప్పగించారు.

ఆ తరువాతి చరిత్ర ఒక్క మతానికి చెందినది కాదు. 1919 ఏప్రిల్‌లో, రౌలట్ చట్టంపై ఆందోళన సాగుతున్న వేళ, ఆర్యసమాజ సన్యాసి స్వామి శ్రద్ధానంద ఇక్కడి వేదికపై నుంచి ప్రసంగించారు. 1947 అక్టోబరులో, పాకిస్తాన్‌కు మూట కట్టుకుంటున్న ముస్లింలను ఆగిపొమ్మని మౌలానా ఆజాద్ వేడుకున్నదీ ఇక్కడే.

స్వతంత్ర భారతంలో పురావస్తు శాఖ దీనికి మరమ్మతులు చేస్తూనే వచ్చింది, కానీ చట్టపరమైన బాధ్యతగా కాదు, ప్రత్యేక సందర్భంగా. 2004లో ప్రధాని మన్మోహన్ సింగ్ దీనిని రక్షిత కట్టడంగా ప్రకటించబోమని షాహీ ఇమాంకు లేఖ రాశారు. ఆ లేఖ ఉన్న దస్త్రాన్ని సమర్పించమని 2024లో ఢిల్లీ హైకోర్టు అడిగింది. రక్షిత కట్టడమైతే చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. కిక్కిరిసిన పాత ఢిల్లీలో ఇది చిన్న విషయం కాదు.

అయితే అసలు అడ్డంకి అపనమ్మకం. ఒకసారి ప్రభుత్వం చేతిలో మసీదును పోగొట్టుకున్న సమాజం మళ్లీ తాళం చెవులు అప్పగించడానికి జంకుతుంది. మసీదుల పునాదులు తవ్వి చూడాలన్న వ్యాజ్యాలు పెరుగుతున్న కాలంలో ఆ జంకును తప్పుపట్టలేము. అలాగని, ఎవరి మాటకూ జవాబు చెప్పనవసరం లేని నిర్వహణను సమర్థించలేము. పాలకుల దయపై ఆధారపడిన మరమ్మతు, ఆ దయ ఉన్నంత కాలమే సాగుతుంది.

దారి లేకపోలేదు. రక్షిత ప్రార్థనాస్థలాన్ని దాని స్వభావానికి విరుద్ధంగా వాడరాదని 1958 నాటి పురాతన కట్టడాల చట్టమే చెబుతోంది. తాజ్‌మహల్ ప్రాంగణంలోని మసీదులో శుక్రవారం నమాజు నేటికీ సాగుతోంది. రాతిని కాపాడే పూచీ ప్రభుత్వానిది, ప్రార్థించే హక్కు భక్తులది, లెక్క చెప్పే బాధ్యత ఇద్దరిదీ అని రాతపూర్వకంగా తేల్చుకోవచ్చు. దానికి నిధుల కంటే ముందు కావలసినది నమ్మకం. దానిని కూడగట్టే పని మొదట ప్రభుత్వానిదే. ఎందుకంటే, 1857లో ఆ నమ్మకాన్ని పోగొట్టింది ప్రభుత్వమే.