ఈలతో ఆగిన ఆటరైలు

ఈల వేయగనే రైలు ఆగునా? 1968లో డెన్మార్కు దేశపు లెగో ఇటుకల ఆటరైలొకటి ఆగినది. మరల ఈల వేయగా కదలినది. ఈలలోని శక్తి అత్యల్పము గదా! మరి చక్రములను త్రిప్పిన దేది?

బండికి కావలసినవి రెండు: శక్తి, ఆజ్ఞ. 1966 నాటి లెగో రైలులో 4.5 వోల్టుల మోటారుకు బ్యాటరీ శక్తి నిచ్చెను. ఆజ్ఞకు మాత్రము చేయి మీటను తాకవలసినదే. ఈల రైలులోను శక్తి బ్యాటరీదే. మీటను త్రిప్పు చేతి పనిని మాత్రమే ఈల చేసినది.

1969లో వచ్చిన 12 వోల్టుల రైలుకు పట్టాల నడుమ లోహపు కడ్డీల ద్వారా విద్యుత్తు అందినది. దూరమున కూర్చుండి వోల్టేజి మార్చిన వేగము మారును. అందు శక్తియే ఆజ్ఞ. కనుక ఆ బండి పట్టాలను విడువజాలదు.

ఆజ్ఞ శక్తినుండి విడివడినప్పుడే బండికి స్వేచ్ఛ. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో రేడియోతో నడిపిన పడవ చూపినదిదియే. 2007లో లెగో బండ్లకు పరారుణ కిరణములు ఆజ్ఞను మోసినవి. సూర్యకాంతిలోను పరారుణ కిరణము లుండుటచే ఎండలో ఆ ఆజ్ఞ తడబడెను. 2018 నాటి రైళ్ళలో బ్లూటూత్ రేడియో తరంగములు ఆ చిక్కును తొలగించినవి.

మీ యింట ఆటబండి ఆగినచో పారవేయకుడు. అందనిది శక్తియా, ఆజ్ఞయా? ముందుగా అది విచారింపుడు.