గురువు పరిశోధన, శిష్యుని చదువు



ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల పెద్దలకు ప్రత్తిని గూర్చి నేను చెప్పదగిన దేమియు లేదు. గింజ, దూది, ధర, వీనిని గూర్చి మీరే నాకు నేర్పగలరు. అయినను ప్రత్తిపూవునకు పసుపురంగు ఎట్లు వచ్చెనని మనలో నెవరైన విచారించితిమా? రాలిపోవు పూవుతో మనకేమి పని యనుకొంటిమి. ఆ పూవునే పాఠముగ చేసిన ఆచార్యుడొక డుండెను.

ఆయన టి. ఆర్. శేషాద్రి. 1900లో తమిళదేశమున జన్మించి, మాంచెస్టరులో రాబర్టు రాబిన్సనుకడ పరిశోధన నేర్చి, 1933లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాస్త్ర శాఖకు వచ్చెను. మన నల్లరేగడిలో పూర్వము విరివిగ పండిన 'వెస్టరన్సు' ప్రత్తి హెర్బేసియమ్ జాతిది. ఆ జాతి పూరేకులనుండి ఆయనయు, నీలకంఠముగారును హెర్బాసిట్రిన్ అను వర్ణద్రవ్యమును వేఱుచేసిరి. సూర్యప్రకాశరావుగారితో కలిసి గోగుపూలను గూడ పరీక్షించిరి. మనము పులుసుకూరకు ఆకు కోసికొని, పూవును విడిచిపెట్టు గోగే యది!

పరీక్షకొఱకు చదువు విద్యార్థికి ప్రశ్నయు, దాని జవాబును పుస్తకముననే యుండును. పరిశోధనాలయమున నట్లు కాదు; జవాబు గురువునకును తెలియదు. ఎండిన పూరేకులను సారాయములో కాచి, రంగును దింపి, స్ఫటికములుగ తేర్చి, తప్పినచో మఱల మొదటికి రావలెను. నిన్న బరువనిపించిన గ్రంథమే, తన ప్రశ్నకు దారి చూపునేమో యని యతడు నేడు రాత్రి దీపముకడ విప్పును. ఇట్టి పనియు నొక జీవనవృత్తి కాగలదని గురువును చూచియే యతడు తెలిసికొనును.

1942లో యుద్ధభయమున విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలిపోయెను. అచ్చటనుండియు వీరి పరిశోధనపత్రములు వెలువడుచునే యుండెను. శేషాద్రిగారు 1949లో ఢిల్లీకి వెడలిరి; 1960లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగ నెన్నుకొనెను. వాల్తేరులో ఆయనతో పనిచేసిన ఎల్. రామచంద్రరావుగారు అచ్చటనే ఆచార్యులై, మొక్కలలోని ద్రవ్యముల పరిశోధనను సాగించిరి.

అయితే పరిశోధన చేయు ప్రతి గురువును ఇట్టివాడే యనలేము. శిష్యులను కేవలము పనిచేతులుగ వాడుకొని, వారి సందేహములకు క్షణమైన నీయనివారును కలరు. అట్టిచోట పట్టము వచ్చును గాని ఉత్సాహ ముడుగును.

కర్నూలున 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయము వెలసెను గదా. పై చదువునకు పిల్లను గాని, పిల్లవానిని గాని పంపునపుడు వసతిని, రుసుమును విచారింతుము. ఆ శాఖలోని అధ్యాపకులు ఏ విషయమును శోధించుచున్నారని గూడ ఒక్కమాట యడుగుడు.