అద్దె గదుల మీద నిలిచిన విద్యానగరం: బొలోన్యా, దాని పరదేశి విద్యార్థులు

మధ్యయుగపు ఐరోపా నగరాలు కొన్ని కోటల చుట్టూ, కొన్ని రేవుల చుట్టూ, మరికొన్ని పుణ్యక్షేత్రాల చుట్టూ పెరిగాయి. చదువు కోసం వచ్చిన పరదేశుల అద్దె గదుల చుట్టూ పెరిగిన నగరమేదని అడిగితే మొదట చెప్పవలసిన పేరు ఉత్తర ఇటలీలోని బొలోన్యా. క్రీ.పూ. 189లో రోమన్లు బొనోనియా అనే పేరుతో ఇక్కడ వలస పట్టణాన్ని స్థాపించారు కనుక ఊరు పాతదే గాని, నేడు కంటికి కనిపించే దాని రూపం ఎక్కువగా 12వ శతాబ్దం తరువాత ఏర్పడింది. శని ఆదివారాలలో ఫ్లోరెన్సు, మిలాను వంటి నగరాల నుంచి స్నేహితులతో కలిసి రైలెక్కి వచ్చే విద్యార్థులు, వారిలో ఇటీవలి ఏళ్లలో పైచదువులకు ఇటలీ చేరిన తెలుగు యువతీయువకులు కూడా, స్తంభాల వసారాల కింద నడిచి, జంట గోపురాల ముందు ఫొటోలు దిగి, ఆదివారం సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతారు. వారు చుట్టపుచూపుగా చూసిపోయే ఆ వీధులలో చాలా భాగం ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కిందట వారివంటి పరాయి ఊరి విద్యార్థులకూ నగరానికీ మధ్య జరిగిన బేరసారాల ఫలితమన్న సంగతి పర్యాటకుల కరదీపికలలో అంతగా కనిపించదు.

విద్యార్థులు బొలోన్యాకు రావడానికి కారణం న్యాయశాస్త్రం. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి క్రోడీకరింపజేసిన రోమన్ న్యాయ గ్రంథాలు పశ్చిమ ఐరోపాలో శతాబ్దాల తరబడి మూలనపడి ఉండగా, 12వ శతాబ్దపు తొలి దశకాలలో ఇర్నేరియస్ అనే బోధకుడు బొలోన్యాలో వాటిని వరుసగా పాఠం చెప్పి, పంక్తుల మధ్యనా అంచులలోనూ టిప్పణులు రాసే పద్ధతిని నెలకొల్పాడు. సుమారు 1140 నాటికి గ్రేషియన్ అనే పండితుడు చర్చి శాసనాలను కూడా ఇదే విధంగా ఒక గ్రంథంగా కూర్చడంతో, లౌకిక న్యాయం, మత న్యాయం రెండూ ఒకే ఊరిలో నేర్చుకునే వీలు కలిగింది. చక్రవర్తికీ పోపుకూ మధ్య అధికార వివాదాలు ముదిరి, వర్తక నగరాలు తమ హక్కులను కాగితం మీద నిలబెట్టుకోవలసి వచ్చిన కాలమది గనుక, న్యాయం తెలిసిన మనిషికి ఐరోపా అంతటా కొలువు సిద్ధంగా ఉండేది. ఇక్కడికి వచ్చిన విద్యార్థులు పసివాళ్లు కారని గుర్తుంచుకోవాలి. చాలామంది ఇరవై ఏళ్లు దాటినవారు, చర్చి పదవులలో ఉండి వాటి ఆదాయంతో చదువుకునేవారు, సేవకులను వెంటబెట్టుకుని వచ్చిన సంపన్నుల బిడ్డలు.

అంత డబ్బున్నా పరాయి ఊరిలో వారికి రక్షణ లేదు. మధ్యయుగపు ఇటలీలో ప్రతీకార జప్తు అనే ఆచారం ఉండేది. అంటే ఒక జర్మన్ వర్తకుడు బాకీ ఎగవేసి పారిపోతే, ఆ ఊరిలో దొరికిన మరో జర్మన్ దేశస్థుడి సొత్తును ఆ బాకీ కింద పట్టుకోవచ్చునన్నమాట. ఎవరి అప్పుకో తన పుస్తకాలూ గుర్రమూ పోగొట్టుకునే ప్రమాదం ప్రతి పరదేశి విద్యార్థికీ ఉండేది. పవిత్ర రోమన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా వెలువరించిన ‘హబీతా’ శాసనం ఈ ఆచారాన్ని విద్యార్థుల విషయంలో నిషేధించింది. దీనిని 1158 నాటిదిగా చెప్పడం వాడుక, 1155లోనే వెలువడిందని భావించే చరిత్రకారులూ ఉన్నారు. చదువు కోసం ప్రయాణించేవారు ఎక్కడైనా నిర్భయంగా తిరగవచ్చుననీ, సాటి దేశస్థుల బాకీలకు వారిని బాధ్యులను చేసినవారు నాలుగింతలు తిరిగి చెల్లించాలనీ, వారి మీద వ్యాజ్యం వస్తే విచారణకర్తగా తమ గురువునో బిషప్పునో ఎంచుకునే హక్కు వారికి ఉంటుందనీ శాసనం పేర్కొంది. చదువు పేరిట చేసే ప్రయాణానికి చట్టం అండ లభించడం ఐరోపా చరిత్రలో పెద్ద మలుపు. నేటి విద్యార్థి వీసాకు దూరపు పూర్వరూపం ఇదేననడం అతిశయోక్తి కాదు.

చక్రవర్తి శాసనం దూరాన ఉంటుంది, ఇంటి యజమాని గుమ్మంలోనే ఉంటాడు. అందుచేత విద్యార్థులు తమ రక్షణను తామే చూసుకోవడానికి సంఘాలు కట్టుకున్నారు. ‘నేషన్’ అని పిలిచిన ఈ సంఘాలు పుట్టిన ప్రాంతాన్ని బట్టి ఏర్పడ్డాయి. 13వ శతాబ్దంలో అవన్నీ కలిసి ఆల్ప్స్ పర్వతాలకు ఇవతలివారు, అవతలివారు అనే రెండు పెద్ద సమాఖ్యలుగా నిలిచి, రెండూ తమ అధిపతులైన రెక్టర్లను విద్యార్థుల నుంచే ఎన్నుకున్నాయి. బొలోన్యాలో పుట్టిన విద్యార్థికి ఇందులో సభ్యత్వం లేదు, ఎందుకంటే అతనికి పౌరుడిగా నగర చట్టం ఎలాగూ అండగా ఉంది. గురువులకూ సభ్యత్వం లేదు, వారు విద్యార్థులు చందాలు వేసుకుని జీతమిచ్చి పెట్టుకున్న బోధకులు మాత్రమే.

ఈ సంబంధం ఎంత కఠినంగా ఉండేదో నిబంధనలు చదివితే తెలుస్తుంది. అనుమతి లేకుండా ఒక్కరోజు పాఠం మానినా గురువుకు జరిమానా పడేది. ఊరు విడిచి వెళ్లాలంటే తిరిగి వస్తాననడానికి హామీగా కొంత సొమ్ము జమ కట్టవలసి వచ్చేది. గంట మోగగానే పాఠం మొదలుపెట్టాలి, ముగింపు గంట తరువాత సాగదీయకూడదు. కష్టమైన చోటును దాటవేసి ముందుకు పోయినా, సంవత్సరంలో ఫలానా తేదీకి చేరవలసిన అధ్యాయానికి చేరకపోయినా తప్పే. పాఠానికి ఐదుగురైనా రాకపోతే ఆ రోజు గైరుహాజరైనట్టే లెక్క. గురువును దైవసమానుడిగా భావించే సంప్రదాయంలో పెరిగిన పాఠకులకు ఇది చేదుగా తోచవచ్చును గాని, రుసుము చెల్లించి వచ్చిన పెద్దవాళ్లు దానికి తగిన చదువు అడగడంలో అన్యాయమేమీ లేదు; చిక్కంతా అంతటి పెత్తనంలో గురువు పాండిత్యం కంటే సమయపాలనకే విలువ పెరగడంలో ఉంది.

నగరం మీద విద్యార్థులు ప్రయోగించిన ఆయుధం వేరు, అది వలస. విశ్వవిద్యాలయానికి అప్పట్లో సొంత భవనం లేదు. పాఠాలు గురువుల అద్దె గదులలో, మఠాలలో జరిగేవి. వదులుకోవడానికి ఆస్తి లేదు కనుక సంఘమంతా మూటాముల్లె సర్దుకుని పొరుగూరికి పోవడం తేలిక. 1204లో కొందరు విచెంజాకు, 1222లో మరికొందరు పాదువాకు తరలిపోయారు; పాదువా విశ్వవిద్యాలయం పుట్టుక ఆ వలస నుంచే. దీనితో అద్దెలు, భోజనశాలలు, దర్జీ పనులు, వడ్డీ వ్యాపారం అన్నీ దెబ్బతింటాయని గ్రహించిన నగర పాలకులు, ఇతర ఊళ్లలో బోధించబోమని గురువుల చేత ప్రమాణం చేయించుకున్నారు. వలసకు కుట్రపన్నినవారికి మరణశిక్ష దాకా విధించే శాసనాలు చేశారు. 1321లో ఒక యువతిని ఎత్తుకుపోయిన స్పానిష్ విద్యార్థికి నగరాధికారి మరణశిక్ష అమలు చేయగా, విద్యార్థులు, గురువులు కలిసి సియెనాకు తరలిపోయారు. న్యాయశాస్త్రం చదివేవారు ఒక అపహరణ నేరస్థుడి పక్షాన నిలవడం సంఘబలం ఎంత గుడ్డిగా పనిచేయగలదో చూపుతుంది. అయినా మరుసటి ఏడు నగరమే రాజీకి దిగింది, ఆ సంధి జ్ఞాపకంగా చెక్కిన ‘శాంతి శిల’ నేటికీ నగర మధ్యయుగ మ్యూజియంలో ఉంది.

బేరసారాలు ఎక్కువగా సాగింది ఇళ్ల అద్దెల దగ్గర. నగరం తరఫున ఇద్దరు, విద్యార్థుల తరఫున ఇద్దరు కూర్చుని విద్యార్థులకిచ్చే ఇళ్ల అద్దెను నిర్ణయించేవారు. వారిని అద్దె నిర్ణేతలని పిలిచేవారు. నిర్ణయించిన దానికంటే ఎక్కువ అడిగిన యజమాని ఇంటిని సంఘం నిషేధించేది, ఆ తరువాత ఏ విద్యార్థీ ఆ ఇంట దిగేవాడు కాదు. పుస్తకాల విషయంలోనూ ఇటువంటి కట్టడే ఉండేది. ఆమోదం పొందిన మూలప్రతిని కుట్టని విడి భాగాలుగా ఉంచి, నకలు రాసుకోవడానికి ఒక్కొక్క భాగాన్నీ నిర్ణీత అద్దెకు ఇవ్వవలసిన బాధ్యత పుస్తక వర్తకులది.

పరదేశుల రాకతో ఇళ్లు చాలకపోగా యజమానులు పైఅంతస్తును దూలాల మీద వీధిలోకి ముందుకు జరిపి గదులు పెంచుకున్నారు, ఆ బరువు మోయడానికి కింద స్తంభాలు నిలిపారు. పైన గది, కింద బాటసారులు నడిచే వసారా: ఇదే ‘పోర్టికో’. వీధి స్థలాన్ని ఇలా ఆక్రమించడాన్ని ఇతర ఇటాలియన్ నగరాలు క్రమంగా అణచివేయగా, బొలోన్యా దానినే చట్టంగా మార్చింది. 1288 నాటి శాసనం ప్రకారం కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ పోర్టికో ఉండాలి, లేని పాత ఇంటికి చేర్చాలి. ఎత్తు కనీసం ఏడు బొలోన్యా అడుగులు, అంటే సుమారు 2.66 మీటర్లు, ఉండాలి. నేల యజమానిదే, మరమ్మతు ఖర్చూ అతనిదే, నడిచే హక్కు మాత్రం అందరిదీ. సొంత ఆస్తికీ ప్రజోపయోగానికీ మధ్య ఇంత తెలివైన ఒప్పందం చేసుకున్న మధ్యయుగ నగరాలు అరుదు. 1568లో కర్ర స్తంభాల స్థానంలో ఇటుకవో రాతివో నిలపాలని ఆజ్ఞ వెలువడినా, స్త్రాదా మజ్జోరే వీధిలోని ఇజొలానీ ఇంటి ముందు ఎత్తైన కర్ర స్తంభాలు నేటికీ నిలిచి ఉన్నాయి. మొత్తం 62 కిలోమీటర్ల పొడవున్న ఈ పోర్టికోలలో ఎంపిక చేసిన భాగాలను యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

విద్యార్థుల పెత్తనం శాశ్వతం కాలేదు. 13వ శతాబ్దం చివరి నుంచి గురువుల జీతాలను నగరమే చెల్లించడం మొదలుపెట్టడంతో, జీతమిచ్చేవాడి మాటే చెల్లుబాటయింది. తరువాత నగరం పోపుల ఏలుబడిలోకి వచ్చాక, చెల్లాచెదురుగా ఉన్న బోధననంతా ఒక్క కప్పు కిందికి తెస్తూ 1563లో ఆర్కిజిన్నాజియో భవనాన్ని పూర్తిచేశారు; సొంత భవనం ఏర్పడిన సంస్థ వలసపోతానని బెదిరించలేదు. ఆ భవనపు గోడల మీద, పైకప్పుల మీద విద్యార్థి ప్రతినిధుల వంశచిహ్నాలు వేల సంఖ్యలో కనిపిస్తాయి. అధికారం పోయిన తరువాత గౌరవం మాత్రం గోడకెక్కిందని అనుకోవచ్చు. అక్కడే 1637లో చెక్కతో కట్టిన శరీర విచ్ఛేదన శాల ఉంది; 1944 జనవరి 29 నాటి బాంబు దాడిలో అది కూలిపోగా, శకలాలను ఏరి యుద్ధానంతరం తిరిగి నిర్మించారు.

విద్యార్థులు స్నేహితులతో, బంధువులతో ఇతర నగరాలకు వెళ్లిరావడం కూడా పాత అలవాటే. 1496లో మత న్యాయం చదవడానికి బొలోన్యాకు వచ్చిన కోపర్నికస్, జర్మన్ నేషన్‌లో పేరు నమోదు చేయించుకుని, న్యాయం కంటే ఎక్కువగా ఖగోళ బోధకుడు నోవారాతో కలిసి ఆకాశాన్ని పరిశీలించి, 1500లో పోపు ప్రకటించిన పుణ్య సంవత్సరానికి రోముకు వెళ్లి అక్కడా ఒక చంద్రగ్రహణాన్ని నమోదు చేసుకున్నాడు. చివరికి 1503లో అతడు పట్టా పుచ్చుకున్నది బొలోన్యాలో కాదు, ఫెరారాలో. పట్టా ప్రదానపు విందుల ఖర్చు తక్కువగా ఉండే ఊరికి వెళ్లి పట్టా తీసుకోవడం ఆ కాలపు విద్యార్థులలో మామూలు విషయం.

1803లో విశ్వవిద్యాలయం జంబోనీ వీధిలోని పోజ్జీ భవనానికి మారింది. దాని స్థాపన 1088 అని అందరూ చెప్పుకునే సంవత్సరం ఏ శాసనంలోనూ లేదు; 1888లో ఎనిమిది వందల ఏళ్ల ఉత్సవం జరపడానికి కవి కార్దూచ్చీ ప్రముఖుడుగా ఉన్న సంఘం ఖరారు చేసిన తేదీ అది. 1977 మార్చిలో ఇదే పరిసరాలలో కాల్పులలో ఒక విద్యార్థి మరణించి, అల్లర్లు చెలరేగి, సాయుధ వాహనాలు వీధులలోకి వచ్చాయి. 1999లో 29 దేశాల విద్యామంత్రులు అన్ని దేశాల పట్టాలనూ ఒకదానితో ఒకటి పోల్చదగినవిగా చేసే విధానానికి ఇక్కడే సంతకాలు చేశారు, 1987లో మొదలైన ఎరాస్మస్ పథకంతో కలిసి అది విద్యార్థుల రాకపోకలను మళ్లీ పెంచింది.

నేడు నాలుగు లక్షలకు కాస్త తక్కువ జనాభా గల ఈ నగరపు విశ్వవిద్యాలయంలో, ఇతర ఊళ్లలోని ప్రాంగణాలతో కలిపి, 80 వేలకు మించి విద్యార్థులున్నారు. 97 మీటర్ల అసినెల్లీ గోపురం ఎక్కినవాడికి పట్టా రాదన్న నమ్మకాన్ని వారు ఇప్పటికీ సగం నవ్వుతూ పాటిస్తారు. పక్కనున్న గరిసెండా గోపురం ఒరుగుదల మీద ఆందోళన పెరగడంతో 2023 అక్టోబరులో ఆ పరిసరాలను మూసివేశారు. విద్యార్థుల అసలు భయం మాత్రం గది దొరకకపోవడమే, ఎందుకంటే రెండు రాత్రుల అతిథికి ఇచ్చే గది, ఏడాది పొడుగునా విద్యార్థికి ఇచ్చిన గది కంటే యజమానికి ఎక్కువ లాభం తెస్తోంది. 2023లో అద్దెల భారాన్ని నిరసిస్తూ మిలానులో మొదలైన విద్యార్థుల గుడారాల ఉద్యమం ఇతర విశ్వవిద్యాలయ నగరాలకూ పాకింది. యజమానుల, అద్దెదారుల సంఘాలు ఒప్పుకున్న అద్దెలకు 1998 నాటి ఇటలీ చట్టం పన్ను రాయితీలు ఇస్తున్నా, ఆ ఒప్పందంలో చేరడం యజమాని ఇష్టం. అధిక అద్దె అడిగిన ఇంటిని నిషేధించగలిగిన 13వ శతాబ్దపు సంఘం అధికారం వంటిది నేటి విద్యార్థుల చేతిలో లేదు.