శస్త్రవిద్యాభ్యాసం – వర్చువల్ రియాలిటీ: చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

శస్త్రచికిత్స చేతితో నేర్వవలసిన విద్య. చేయి తిరిగేవరకు పొరపాట్లు తప్పవు. ఆ పొరపాట్లను ఎవరి దేహం భరించాలన్నది ఈ విద్యకు మొదటి నుండీ ఉన్న ప్రశ్న. సుశ్రుతసంహిత సూత్రస్థానంలోని యోగ్యాసూత్రీయాధ్యాయం దీనికి సమాధానం చెప్పింది. శాస్త్రమంతా చదివినా అభ్యాసం లేనివాడు చికిత్సకు అనర్హుడని నిర్ణయించింది. కోతను గుమ్మడి, సొర, దోస వంటి కాయలపైన, సిరావేధను మృతపశువుల సిరలపైన, తామరతూళ్లపైన, కుట్లను వస్త్రంపైన, మెత్తని తోలుపైన, కట్లను మనిషిబొమ్మపైన అభ్యసించాలని విధించింది.

2. తెరపై అభ్యాసం

1990 దశకంలో లాపరోస్కోపీ విస్తరించడంతో ఈ ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. ఈ పద్ధతిలో వైద్యుడు తెరను చూస్తూ పొడవాటి పరికరాలను నడుపుతాడు. పొట్టగోడ ఆధారబిందువు కావడం వల్ల చేయి కుడికి కదిలితే పరికరం కొన ఎడమకు కదులుతుంది. పక్కన నిలబడి చూసినంత మాత్రాన ఈ నేర్పు అలవడదు. ఇవాన్ సదర్లాండ్ 1968లో రూపొందించిన, తలకు ధరించే దృశ్యసాధనంతో మొదలైన సాంకేతికత ఇక్కడ అక్కరకు వచ్చింది. 1993లో రిచర్డ్ సటావా ఉదరభాగపు వర్చువల్ నమూనాను వివరిస్తూ వ్యాసం ప్రచురించారు.

దీని ప్రయోజనాన్ని 2002లో ప్రచురితమైన యేల్ విశ్వవిద్యాలయ అధ్యయనం నిరూపించింది. 16 మంది శిక్షణార్థులలో కొందరు ముందుగా 'మిస్ట్-వీఆర్' యంత్రంపై అభ్యసించారు. అందులో అవయవాలు కనిపించవు. సరళమైన జ్యామితీయ ఆకృతులే ఉంటాయి. అయినా రోగులకు పిత్తాశయ శస్త్రచికిత్స చేసినప్పుడు వారు పిత్తాశయాన్ని వేరుచేసే పనిని 29 శాతం వేగంగా ముగించారు. అభ్యసించనివారు పిత్తాశయాన్ని గాయపరచడానికో, ఇతర కణజాలాన్ని కాల్చడానికో ఐదురెట్లు ఎక్కువ అవకాశం కనిపించింది. సుశ్రుతుని గుమ్మడికాయ కూడా అవయవం కాదు. అభ్యాసానికి కావలసింది పోలిక కన్నా క్రమమని రెండూ చెబుతున్నాయి.

ఆగ్మెంటెడ్ రియాలిటీ మరో అడుగు ముందుకు వేసి, స్కాన్ చిత్రాన్ని రోగి దేహంపైనే చూపుతుంది. 2020 జూన్‌లో జాన్స్ హాప్కిన్స్ శస్త్రవైద్యులు ఈ సాధనాన్ని తలకు ధరించి ఒక రోగి వెన్నెముకలో 6 స్క్రూలు అమర్చారు.

3. ముగింపు

కల్పిత దేహానికీ మూలం నిజమైన దేహమే. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1994లో విడుదల చేసిన 'విజిబుల్ హ్యూమన్' పురుష దేహం, టెక్సాస్‌లో 1993లో మరణశిక్షకు గురై తన శరీరాన్ని దానం చేసిన ఖైదీది. దానిని గడ్డకట్టించి, 1 మిల్లీమీటరు మందాన 1,871 పొరలుగా ఛాయాచిత్రాలు తీశారు. రోగిని తొలి పొరపాటు నుండి తప్పించడం ఈ చరిత్ర సాధించిన మేలు. అయితే ఆ మేలు వెనుక ఎవరి దేహం ఉందో గుర్తుంచుకోవడం కూడా శస్త్రవిద్యాభ్యాసంలో భాగమే.