వెనక వరుసలోని పెద్ద బాకా: ట్యూబా కథ

మధ్యాహ్నం గంట కొట్టాక బడి ముందు రోడ్డు మీద పెళ్లి ఊరేగింపు వెళ్తోందంటే, క్యారేజీలు వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. బ్యాండువాళ్ల ఎదుట చింతకాయ కొరికితే నోరూరి వాయించలేరని పై తరగతి అన్నయ్యలు చెప్పేవారు. ఆ పని చేశాం కూడా. ఒంటి చుట్టూ కొండచిలువలా చుట్టుకున్న ఇత్తడి బాకా మోసే ఆయనంటే మాకు మరీ అలుసు. అందులోంచి 'భోం భోం' తప్ప ఇంకేం రాదని నవ్వేవాళ్లం. దాని పేరు సూసాఫోన్ అనీ, అది ట్యూబా కుటుంబంలోదనీ తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ట్యూబా అనేది లాటిన్ మాట. రోమన్ సైన్యాలు ఊదిన తిన్నని బాకాకు ఆ పేరు ఉండేది. ఇప్పటి ట్యూబా మాత్రం రెండు వందల ఏళ్లు కూడా నిండని వాయిద్యం. అంతకుముందు యూరప్‌లో మంద్రస్వరాల కోసం సర్పెంట్ అనే వాయిద్యం వాడేవారు. కొయ్యతో చేసి తోలు చుట్టిన పాములాంటి వంకర గొట్టం అది. ఫ్రాన్స్ చర్చిల్లో గాయకుల గొంతుకు ఆసరాగా మోగేది. 19వ శతాబ్దం మొదట్లో దాని స్థానంలోకి ఇత్తడితో చేసిన ఒఫిక్లైడ్ వచ్చింది. దానికి గొట్టం పొడవునా రంధ్రాలు, వాటికి మూతలు ఉండేవి. అయితే స్వరాలన్నీ ఒకే నిండుతనంతో పలికేవి కావు.

దారి చూపింది వాల్వు. 1818లో స్టోల్‌జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు జర్మన్లు దానికి పేటెంటు తీసుకున్నారు. 1835 సెప్టెంబరు 12న ప్రష్యా సైనిక బ్యాండ్‌ల నాయకుడు వీప్‌రెష్ట్, బెర్లిన్ వాయిద్యాల తయారీదారు మోరిట్స్ కలిసి ఐదు వాల్వుల బాస్ ట్యూబాకు పేటెంటు పొందారు. మన కథానాయకుడి పుట్టినరోజు అదే.

ఇది పలికే తీరు తెలిస్తే మా చింతకాయ అల్లరి ఎంత చెడ్డదో అర్థమవుతుంది. ట్యూబాలో శబ్దం పుట్టేది వాయించేవారి పెదవుల అదురులోనే. పెదవి బిగువు మార్చితే కొన్ని స్వరాలే వస్తాయి. వాల్వు నొక్కితే గాలి అదనపు గొట్టంలోకి మళ్లుతుంది, దారి పొడవై స్వరం దిగుతుంది. మామూలుగా రెండో వాల్వు ఒక స్వరస్థానం, మొదటిది రెండు, మూడోది మూడు దించుతాయి. వీటిని కలిపి నొక్కుతూ మిగతా స్వరాలను పట్టుకుంటారు. పెదవి పట్టు తప్పితే ఇదంతా వృథా.

గొట్టం పొడవును బట్టి ట్యూబాలు నాలుగు ముఖ్య రకాలు. ఎఫ్ ట్యూబా గొట్టం సుమారు 12 అడుగులు, ఈ-ఫ్లాట్ 13, సీ 16, బీ-ఫ్లాట్ 18 అడుగులు. మొదటి రెండూ బాస్, తర్వాతి రెండూ కాంట్రాబాస్. వీటికి తమ్ముడు 9 అడుగుల యుఫోనియం. నడుస్తూ వాయించేందుకు భుజం మీదుగా ఒంటికి తగిలించుకునే హెలికాన్ వచ్చింది. దాని నుంచి అమెరికా బ్యాండ్ నాయకుడు సూసా కోరిక మీద 1890లలో సూసాఫోన్ పుట్టింది. మొదట దాని మూతి ఆకాశంలోకి చూసేది కాబట్టి 'వాన పట్టేది' అని వేళాకోళం చేసేవారు. తర్వాత మూతి ముందుకు తిరిగింది. వాగ్నర్ ట్యూబాది పేరు మాత్రమే ట్యూబా, దాన్ని వాయించేది హార్న్ కళాకారులు.

ఆర్కెస్ట్రాలో ట్యూబా సాధారణంగా ఒక్కటే, అదీ వెనక వరుసలో. మిగతా ఇత్తడి వాయిద్యాలకు అది పునాది. అప్పుడప్పుడు ముందుకొస్తుంది. ముసోర్గ్‌స్కీ పియానో రచనను 1922లో రావెల్ ఆర్కెస్ట్రాకు మలిచినప్పుడు, బరువుగా కదిలే ఎడ్లబండి ఘట్టాన్ని ట్యూబాకే ఇచ్చాడు. 1975 నాటి 'జాస్' సినిమాలో సొరచేప రాకను వినిపించినవాటిలోనూ ట్యూబా ఉంది.

మనలాగే స్వర్ణోత్సవం చేసుకున్న ఒక సంస్థ సంగతీ ఇక్కడ చెప్పాలి. 1904లో మొదలైన లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా యాభై ఏళ్ల పండుగకు వాన్ విలియమ్స్ ఒక కాన్సెర్టో రాశారు. అప్పటికి ఆయనకు 81 ఏళ్లు. ముందు నిలబెట్టింది వయొలిన్‌నో పియానోనో కాదు, ట్యూబాను. 1954 జూన్ 13న ఆ ఆర్కెస్ట్రా ట్యూబా కళాకారుడు ఫిలిప్ కాటెలినెట్ దాన్ని వాయించారు. పుట్టిన 119 ఏళ్లకు ట్యూబాకు ఒక పెద్ద స్వరకర్త చేతి నుంచి అందిన గౌరవం అది.

మన దేశానికి ఈ కుటుంబం బ్రిటిష్ సైనిక బ్యాండ్‌లతో వచ్చి, పెళ్లి ఊరేగింపుల్లో స్థిరపడింది. బ్యాండు వాయిద్యాల తయారీకి మీరట్ పేరు మోసింది. ఇప్పుడు మన ఊరేగింపుల్లో డీజే పెట్టెలు ఎక్కువయ్యాయి. ఆ పెట్టెల్లో మంద్రస్వరం మీట తిప్పితే వస్తుంది, మనిషి ఊపిరి అక్కర్లేదు. ఎండలో ఇత్తడి బరువు మోస్తూ ఊపిరి పోసిన వాళ్లకు మాత్రం పని తగ్గింది.

ఆనాటి పెద్దాయన ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. క్షమాపణ చెప్పుకునే అవకాశమూ లేదు. అందుకే మా ఇంట్లో ఈమధ్య జరిగిన పెళ్లికి బ్యాండు మేళమే కావాలని పట్టుబట్టాను. ఊరేగింపు పొడవునా ఆ పెద్ద బాకా పక్కనే నడిచాను. మిత్రులారా, మీ ఇంటి శుభకార్యానికీ ఒకసారి ఆలోచించండి. మేళం వస్తే పాట వింటూనే దాని అడుగున మోగే స్వరాన్ని కూడా వినండి. పిల్లల చేతుల్లో చింతకాయలు మాత్రం ఉండనివ్వకండి.