మైలతుత్తపు నీటిలో నెత్తుటి బొట్టు

మేమెరిగిన ఒక ఉపాధ్యాయిని తమ పాఠశాలలో జరిగిన రక్తదాన శిబిరమునకు అందఱికంటె ముందుగా వెళ్లినది. అచ్చటివారు ఆమె వ్రేలికొనను సూదితో గ్రుచ్చి, ఒక్క బొట్టు తీసి, నీలపు నీరున్న గాజుపాత్రలో వదలిరి. బొట్టు మునుగక తేలినది. “అమ్మా, ఈసారికి మీ రక్తము తీసికొనుటకు వీలులేదు” అనిరి. ఇంటికి వచ్చి రెండు దినములు ఆమె ఎవ్వరితోను సరిగా మాటలాడలేదు. తన రక్తము పనికిరానిదని పదిమందిలో చాటినట్లు ఆమెకు తోచినది. ఆ నీలపు నీటి చరిత్ర తెలిసియుండినచో ఇంత నొచ్చుకొనియుండదని మా నమ్మకము.

రక్తమెక్కించుట మొదలైన కాలమున ఇచ్చువారిని త్రిప్పిపంపుట అను మాటయే లేదు. 1667లో పారిస్ నగరమున డెనీ అను వైద్యుడు జ్వరముతోనున్న ఒక బాలునకు గొఱ్ఱెపిల్ల రక్తమెక్కించెను. బాలుడు బ్రతికెను. పిదప వేఱొక రోగి మరణింపగా వ్యవహారము న్యాయస్థానమునకెక్కి, ఫ్రాన్సులో ఆ ప్రయోగములే నిషేధింపబడినవి. 1818లో లండనునందు జేమ్స్ బ్లండెల్, మనుష్యునకు మనుష్యరక్తమే తగునని నిశ్చయించి, ఆ చికిత్సను మరల చేపట్టెను. కొందఱు బ్రతికిరి, కొందఱు మరణించిరి. 1901లో వియన్నానందు లాండ్‌స్టైనర్ రక్తవర్గములను వెల్లడించువఱకు ఈ తేడాకు ముఖ్యకారణము బోధపడలేదు.

ఇదంతయు పుచ్చుకొనువాని క్షేమమును గూర్చిన కథ. ఇచ్చువాని మాట యేమి? 1908లో న్యూయార్కునందు అలెక్సిస్ కారెల్, రక్తస్రావమగుచున్న ఒక పసికందును రక్షించుటకై, తండ్రి ముంజేతి ధమనిని కోసి శిశువు కాలిసిరకు కలిపి కుట్టెను. శిశువు బ్రతికినది. కాని ఇట్టి పద్ధతిలో ఎంత రక్తము పోయినదో కొలుచుటకు సాధనము లేదు. ఇచ్చువాడు తెల్లబోయి సొమ్మసిల్లినప్పుడే చాలునని తెలిసెడిది కాబోలు! తెఱచిన ధమనిని సాధారణముగా కట్టివేయవలసియుండెను. 1921లో లండనునందు పెర్సీ ఆలివర్ స్వచ్ఛంద దాతల సంఘమును నెలకొల్పినప్పుడు, దాతను ముందుగా పరీక్షింపవలెననుటయు, అతని సిరను కాపాడవలెననుటయు నియమములైనవి.

ఇక నీలపు నీరు. అది మన ఇండ్లలో ఎఱిగిన మైలతుత్తమును కరగించిన నీరే. రెండవ ప్రపంచయుద్ధకాలమున న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో వాన్ స్లైక్, ఫిలిప్స్ మొదలగువారు గాయపడిన సైనికుల రక్తసాంద్రతను త్వరగా తెలిసికొనుటకు ఈ ఉపాయమును రూపొందించిరి. దాతల పరీక్షకు నీటి సాంద్రతను 1.053గా ఉంచుదురు. అందు పడిన బొట్టు చుట్టును సన్నని పొర యేర్పడి, కొన్ని క్షణములు రక్తమును నీటిలో కలియనీయదు. పదునైదు సెకండ్లలో మునిగినచో డెసిలీటరు రక్తమున హీమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తక్కువ కాదని లెక్క. నేడు పలుచోట్ల యంత్రములు వచ్చినను హద్దు మాత్రమదియే.

ఈ హద్దు దాత కొఱకే యేర్పడినది. ఒక్కమారిచ్చిన రక్తముతో నూటయేబది మిల్లీగ్రాములకు మించిన ఇనుము వెడలిపోవచ్చును. దినమునకు ఆహారమునుండి శరీరము గ్రహించునది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అందుచేతనే మన దేశమున మఱల ఇచ్చుటకు పురుషులకు 90 దినములు, స్త్రీలకు 120 దినములు గడువు విధించిరి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. గర్భిణులు కానివారికి అందలి హద్దు 12 గ్రాములు. దాతకు కావలసినది అంతకంటె హెచ్చు. అనగా ఆ ఉపాధ్యాయిని వలె మరలి రావలసినవారు మన యిండ్లలో సగమునకు పైగా నున్నారు.

రోగిని తలంచి పంపివేయు సందర్భములును కలవు. మలేరియా తగ్గిన పిదప మూడు మాసములాగుమందురు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో కనుగొన్న ఆ క్రిమి, దోమ సాయము లేకయే సీసా రక్తము ద్వారా కూడ మఱియొకరిని చేరగలదు. ఎయిడ్స్ క్రిమి సోకిన తొలిదినములలో పరీక్షకు చిక్కదు గనుక, ప్రశ్నలకు దాత నిజము చెప్పుట మీదనే రోగి ప్రాణము ఆధారపడియుండును. డబ్బుకై రక్తమిచ్చువారు రోగమును దాచుదురను భయము గట్టిదే. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి రక్తవిక్రయము నిలిపివేయబడినది.

మా ఉపాధ్యాయిని వైద్యుని చూచి, కొన్ని మాసములు ఇనుపమాత్రలు వాడినది. మరుసటి యేడు శిబిరమునకు మేమును వెంట వెళ్లితిమి. ఈమారు బొట్టు మునిగినది. ఆమె బరువు ఏబది కిలోలు గనుక 350 మిల్లీలీటర్లు మాత్రమే తీసిరి.