హాల్‌స్టెడ్ వీధిలో వేరే తలుపు

ఈ వారం ఎపిసోడ్‌లో చికాగో గురించి చెబుతూ టైము సరిపోక గబగబా దాటేసిన ముక్క ఒకటుంది. దాన్ని ఇక్కడ నిదానంగా రాస్తున్నా.

1889 సెప్టెంబర్‌లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్నేహితురాళ్ళు హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత బంగళాకి మకాం మార్చారు. చుట్టూ ఇటలీ, గ్రీస్, రష్యాల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన జనం. అమ్మానాన్నలు కుట్టుపనికో, ఫ్యాక్టరీకో పోతే పిల్లలకి వీధే దిక్కు. ఆ బంగళాయే హల్ హౌస్. ముందు చిన్నపిల్లల బడి పెట్టారు, తర్వాత క్లబ్బులు, సంగీతం, నాటకాలు, వంట క్లాసులు.

ఇద్దరి వల్ల అయ్యే పనా అది? నలుగురూ కలిశారు. విలియం కెంట్‌కి ఆ పక్కనే పాడుబడ్డ అద్దె ఇళ్ళుండేవి. హల్ హౌస్ వాళ్ళు వాటి దుస్థితిని ఎత్తిచూపితే, వాటిని కూల్చి, ఆ జాగాని పిల్లల ఆటలకి ఇచ్చాడు. (శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరున్నవాళ్ళు మ్యూర్ వుడ్స్ చూసే ఉంటారు. ఆ అడవిని దేశానికిచ్చింది కూడా ఈయనే.) లూయీజ్ బోవెన్ అనే సంపన్నురాలు మగపిల్లల క్లబ్బుకి భవనం కట్టించింది. హల్ హౌస్ పిల్లల బ్యాండ్‌లో వాయించిన ఒక దర్జీ కొడుకు, బెన్నీ గుడ్‌మన్, 1938లో కార్నెగీ హాల్‌లో కచేరీ చేశాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆడమ్స్ తన జ్ఞాపకాల్లో రాసిన ఏంజెలీనా సంగతి. ఇటలీవాళ్ళ పిల్ల. శనివారం సాయంత్రం వంట క్లాసుకి వచ్చేది. అదే టైముకి అదే ఇంట్లో వాళ్ళమ్మ తకిలీతో నూలు వడికి చూపించేది. 1900లో పెట్టిన లేబర్ మ్యూజియం అది. వలస వచ్చిన పెద్దవాళ్ళ చేతిపనుల్ని వాళ్ళ పిల్లలే చూడాలని ఆడమ్స్ పెట్టింది. కానీ ఏంజెలీనాకి అమ్మంటే నామోషీ. ఆమెతో కలిసి రాకుండా వేరే తలుపులోంచి వచ్చేది.

ఒకరోజు చదువుకున్న పెద్దలంతా అమ్మ చుట్టూ చేరి ఆమె పనిని మెచ్చుకోవడం ఆ పిల్ల చూసింది. తర్వాత మంచం కింద పెట్టెలో దాచిన, అమ్మ చేతి బట్టల్ని బయటికి తీయనిచ్చింది. అమ్మతో ఒకే తలుపులోంచి రావడం మొదలుపెట్టింది.

ఇప్పుడు మన సంగతి. అమెరికాలో 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి నడుస్తోంది, వాలంటీర్లే టీచర్లు. గొప్ప పనే, కాదనను. కానీ మన పండగ ప్రోగ్రాముల్లో స్టేజీ మీద పిల్లలుంటారు, అమ్మానాన్నలు కింద ఫోన్‌లో వీడియో తీస్తుంటారు. ఆడమ్స్ నిలబెట్టింది అమ్మని కదా! మనలో నేత తెలిసినవాళ్ళున్నారు, సెంట్రింగ్ మేస్త్రీలున్నారు, నారు పోసి పెంచినవాళ్ళున్నారు. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటూ ఇది చదువుతున్న అన్నా, మీ నాన్న చేసే పనేంటని ఊళ్ళో ఉన్న మీ పాపని ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది? ఈసారి వీడియో కాల్‌లో మీ పనిముట్లు చూపించండి. ఒక్కటి చాలు.

హల్ హౌస్ భవనాల్లో చాలావాటిని 1960ల్లో యూనివర్సిటీ క్యాంపస్ కోసం కూల్చేశారు. దాన్ని నడిపిన సంస్థ డబ్బుల్లేక 2012లో మూతపడింది. మొదటి బంగళా మాత్రం ఇంకా ఉంది, ఇప్పుడది మ్యూజియం. చికాగో వెళ్తే పిల్లల్ని తీసుకెళ్ళండి.